మంచం కింద ఇంజను

వడ్రంగికి తన బండిని చూసుకుంటే ఎంత మురిపెమో, ఆ బండి లోపలున్న మంచాన్ని చూసుకుంటే అంతకు రెట్టింపు.

బండి అంటే ఒకప్పుడు బ్రెడ్డూ బన్నులూ వేసుకుని వీధి వీధీ తిరిగిన పాత వ్యాను. బేకరీవాళ్ళు దాన్ని వదిలించుకుందామని చూస్తున్న రోజుల్లో ఇతను ఇంటికి తోలుకొచ్చాడు. పని లేని రోజల్లా అందులోనే దూరి కూర్చుని, మెల్లమెల్లగా దాన్ని చిన్న ఇల్లుగా మార్చేశాడు. కిటికీలకు తెరలు, మడిచి గోడకు ఆనించే బల్ల, గ్యాసు పొయ్యి, గిన్నెలు కడుక్కునే తొట్టి, తల మీద అరలు. అన్నిటికీ వెనక అడ్డంగా మంచం. ఆ వ్యానుకు ఇంజను ముందు ఉండదు, వెనక ఉంటుంది. మంచం సరిగ్గా దాని నెత్తి మీద కూర్చుంది. ఒక్క మేకు కొట్టకుండా, చెక్కను చెక్కతో కొరికించి, జిగురు పెట్టి బిగించిన మంచం. అతుకు ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. ఇంటికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వడం మరిచిపోయేవాడేమో గానీ, వాళ్ళను వ్యాను ఎక్కించి ఆ మంచం అంచు మీద చెయ్యి వేయించడం మాత్రం మరిచిపోయేవాడు కాదు.

అతని చెల్లెలు, బడిలో లెక్కల టీచరు, ఆ వ్యానుకు గూడుబండి అని పేరు పెట్టింది. ఆ పేరే నిలిచిపోయింది.

ఇలా సొంత చేతులతో బండ్లు కట్టుకున్నవాళ్ళంతా ఏడాదికోసారి ఓ సరస్సు పక్క మైదానంలో కలుసుకుంటారు. ఈసారి మీరూ రావాలి, ఆ మంచం గురించి చాలా విన్నాం, అందరికీ చూపించాలి అని వడ్రంగికి కబురొచ్చింది. ఆ మాట విన్నప్పటి నుంచి అతని కాళ్ళు నేల మీద నిలవలేదు. అలా నిలవని కాళ్ళతోనే ఎవరింట్లోనో అటక తలుపులు బిగించడానికి నిచ్చెనెక్కి జారిపడ్డాడు. ఎడమ కాలు విరిగింది. పాదం నుంచి మోకాలి పైదాకా కట్టు వేసి, కదిలితే ఊరుకోం అని చెప్పి పంపారు.

"బండి నేను తోలతాను లెండి," అంది భార్య. ఆవిడ పసిపిల్లల వార్డులో నర్సు.

"నువ్వా? గూడుబండినా?"

"రోజూ ఆసుపత్రికి కారు ఎవరు తోలుతున్నారు, మీ కట్టా?"

వడ్రంగి తన కట్టు వైపు ఓసారి చూసుకున్నాడు. సరేనన్నాడు. అలవాటు కోసం ఆవిడ వ్యానును వీధుల్లో రెండు చుట్లు తిప్పుకొచ్చింది. దిగేసరికి ఆవిడ మొహం అదోలా ఉంది.

"సిగ్నల్ దగ్గర ఆగానండీ. మీ అరల్లో కప్పులన్నీ చలిజ్వరం వచ్చినట్టు ఒకటే వణుకు. పక్క బండ్లవాళ్ళంతా నన్నే చూశారు. తర్వాత ఠక్కున ఆగిపోయింది."

ఈ పేచీ వడ్రంగికి కొత్త కాదు. చాలా నెలలుగా ఉన్నదే. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు గూడుబండి అంత బుద్ధిమంతురాలు ఇంకోటి ఉండదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి నిలబెడితే మాత్రం ఒళ్ళంతా కుదిపేసుకుంటుంది. మూల మీది షెడ్డు మెకానిక్ వచ్చినప్పుడల్లా వెనక చిన్న తలుపు తీసి, పెట్రోలునీ గాలినీ కలిపే కార్బురేటర్ విప్పి కడిగి, పక్కనున్న స్క్రూ కాస్త బిగించి పోయేవాడు. కొన్నాళ్ళు ఊరుకునేది. మళ్ళీ మామూలే. ఈసారి ఆ మెకానిక్ వచ్చి, విని, తల అడ్డంగా ఊపాడు.

"ఇంక కడగడానికేం లేదు బాబాయ్. లోపలే అరిగిపోయి ఉంటుంది. ఇంజను దించాల్సిందే. నెల పడుతుంది."

ఆదివారమే మైదానానికి వెళ్ళాలి. వడ్రంగి మొహం చిన్నబోయింది. "పోనీలే, వచ్చే ఏడు చూద్దాం," అని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అతను అలా కిటికీ వైపు తిరిగాడంటే ఇక ఆ పూట అన్నం సరిగ్గా తినడని భార్యకు తెలుసు.

"నేనోసారి చూస్తాను," అంది.

వడ్రంగికి నవ్వాగలేదు. "ఏం చూస్తావ్? నాలుక కింద థర్మామీటరు పెడతావా?"

ఆవిడ నొచ్చుకోలేదు. "మా వార్డులో ఎవరూ నోరు తెరిచి ఫలానా చోట నొప్పి అని చెప్పరండీ. ఏడుస్తారు, అంతే. ఎప్పుడు ఏడుస్తున్నారు, ఏం చేస్తే ఊరుకుంటున్నారు అని చూసుకుంటూ పోవాలి. మీ బండిని అలా చూసినవాళ్ళే లేరు. వచ్చినవాడల్లా ముందే మందు రాసేస్తున్నాడు."

ఊరికే అన్న మాట కాదది. వ్యానుతో పాటు బేకరీవాళ్ళిచ్చిన పాత రిపేరు పుస్తకాన్ని ఆవిడ సంచిలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అంబులెన్సు డ్రైవర్లు టీ తాగే చోట కూర్చుని, బొమ్మలు చూపించి, ఇదేంటి, ఇది దేనికి అని వాళ్ళ ప్రాణాలు తోడేసింది. రెండో రోజుకు వాళ్ళే ఆవిడ కోసం కుర్చీ వేసి పెట్టారట.

శనివారం పొద్దున్నే ఆడపడుచుకు కబురు పెట్టింది. ఆవిడ స్కూటర్ దిగుతూనే చీర కొంగు బొడ్లో దోపింది.

"అన్నయ్యా, నీ మంచం చూడ్డానికి రాలేదు, కంగారు పడకు. నేనివాళ మా వదిన దగ్గర కాంపౌండర్‌ని."

"ఇద్దరూ కలిసి దాన్ని చంపకండి," అన్నాడు వడ్రంగి. అప్పటికే అతన్ని వసారాలో కుర్చీలో కూర్చోబెట్టి, కాలు ఓ పీట మీద ఎత్తి పెట్టారు. అక్కణ్ణుంచి పెరట్లో నిలబెట్టిన వ్యాను వెనక భాగం కనిపిస్తుంది. లోపలేం చేస్తున్నారో కనిపించదు. వినిపిస్తుంది.

చెల్లెలు డ్రైవరు సీట్లో కూర్చుని స్టార్ట్ చేసింది. ఇంజను కాస్త వేడెక్కి, యథాప్రకారం కుదపడం మొదలుపెట్టింది. కప్పులు గలగలలాడాయి.

"ఇప్పుడు చోక్ కొంచెం లాగు. మొత్తం కాదు, కొంచెమే," అంది వదిన.

చోక్ లాగగానే కుదుపు తగ్గింది. ఇంజను గొంతు సర్దుకున్నట్టు నిలకడగా పాడింది. లోపలికి తోస్తే మళ్ళీ వణుకు. లాగితే మళ్ళీ శాంతం.

"చోక్ లాగితే ఏ బండైనా అలాగే ఉంటుంది!" అని వసారాలోంచి అరిచాడు వడ్రంగి.

"ఉండదండీ. చోక్ లాగితే గాలి తగ్గి పెట్రోలు పెరుగుతుంది. అంటే ఇది ఆకలికి ఏడుస్తోంది. పాలు పట్టగానే ఊరుకుంది."

"అయితే పెట్రోలు చాలట్లేదు, లేకపోతే గాలి ఎక్కువవుతోంది," అంది లెక్కల టీచరు. "రెండిట్లో ఒకటి. ఆ కార్బురేటర్‌ని ఇప్పటికే గిన్నెలకన్నా ఎక్కువసార్లు తోమారు కాబట్టి పెట్రోలు వస్తూనే ఉండాలి. మిగిలింది గాలి. ఎక్కడో దొంగగాలి దూరుతోంది."

వడ్రంగి కుర్చీలో కాస్త ముందుకు వంగాడు.

ఆ ఇంజనుకు నాలుగు సిలిండర్లు, కుడి పక్క రెండు, ఎడమ పక్క రెండు. ఒక్కోదానికి నిప్పురవ్వ రాజేసే ఒక్కో ప్లగ్గు, ప్లగ్గుకో వైరు. ఇంజను ఆపి ఒక వైరు తీసి పక్కన పెట్టడం, స్టార్ట్ చేసి వినడం, ఆపి ఆ వైరు తగిలించి ఇంకోటి తీయడం. ఇదీ వదిన పెట్టిన పద్ధతి. కుడి పక్క వైరు తీస్తే బండి కుంటుతూ ఆగిపోయేంత పని చేసింది. రెండోది తీసినా అంతే. తర్వాత ఎడమ పక్కకు వచ్చారు. వడ్రంగి కళ్ళు మూసుకున్నాడు. రంపం చెక్కలో సరిగ్గా నడుస్తోందో లేదో చప్పుడును బట్టి చెప్పగల చెవులు అతనివి.

"తేడా లేదు," అన్నాడు తనకు తెలియకుండానే.

వ్యాను వెనక నుంచి భార్య తల బయటికొచ్చింది. "ఏమన్నారు?"

"ఇప్పుడు తీసిన వైరు ఉన్నా లేకపోయినా ఒకటే చప్పుడు."

"ఇంకోటి వినండి."

విన్నాడు. "అదీ అంతే. ఎడమ పక్క రెండూ ఊరికే కూర్చుని తింటున్నాయి."

భార్య మొహం వెలిగింది. అప్పటిదాకా గోడ మీద కూర్చుని తమాషా చూస్తున్న మనిషి ఇటు దూకాడని ఆవిడకు అర్థమైంది.

ఇంజను చల్లారాక ప్లగ్గులు విప్పారు. వదిన వాటిని ఓ పళ్ళెంలో వరసగా పెట్టి తెచ్చి భర్త ఒళ్ళో పెట్టింది. కుడి పక్కవి కాల్చిన బిస్కెట్టు రంగులో ఉన్నాయి. ఎడమ పక్కవి సుద్దముక్కల్లా తెల్లగా పాలిపోయాయి.

"పెట్రోలు చాలక, వేడికి మాడి ఇలా తెల్లబడతాయట. నాలుక చూస్తే చాలదూ, కడుపులో సంగతి తెలియడానికి?" అంది.

వడ్రంగి ఆ ప్లగ్గులను తిప్పి తిప్పి చూశాడు. ఇన్ని నెలలుగా తన బండి జబ్బు ఇంత స్పష్టంగా రాసి పెట్టుకుని తిరుగుతుంటే ఎవ్వరూ విప్పి చూడలేదు, తనతో సహా. ఆ ఉక్రోషం ఒక పక్క, ఇంకో పక్క ఏదో తెలియని ఉత్సాహం. "గాలి దూరే చోటు ఎడమ పక్కే ఉండాలి. వెతుకు, వెతుకు," అన్నాడు.

ప్లగ్గులు మళ్ళీ బిగించారు. చెల్లెలు కుళాయికి తగిలించే రబ్బరు గొట్టం ముక్క తెచ్చింది. వదిన ఒక కొస చెవికి ఆనించుకుని, రెండో కొసను తిరుగుతున్న ఇంజను చుట్టూ నెమ్మదిగా కదిపింది. కుడి పక్క ఏమీ లేదు. ఎడమ పక్క, లోపలికి పోయిన కొద్దీ, సన్నగా ఈల. కార్బురేటర్ దగ్గర మొదలైన ఇనప గొట్టం ఎడమ సిలిండర్ల దాకా పోతుంది, ఆ దారిలోనే ఎక్కడో. కానీ వెనక తలుపులోంచి ఎంత వంగినా ఆ చోటు కనిపించదు, చెయ్యి అందదు. భుజం దాకా దూర్చి చూసింది. మోచెయ్యి గీరుకుపోయింది గానీ వేళ్ళకు ఏమీ తగల్లేదు.

రిపేరు పుస్తకంలో ఆ చోటికి దారి స్పష్టంగా ఉంది. ఇంజను పైన, వ్యాను నేలలో ఓ రేకు మూత. దాన్ని తీసి పైనుంచి చూడాలి.

ఆ మూత మీదే మంచం ఉంది.

వదినా ఆడపడుచూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ కలిసి వసారా వైపు చూశారు. వడ్రంగికి చెప్పకుండానే అర్థమైపోయింది.

"వద్దు."

"ఏవండీ..."

"వద్దన్నానా! అది విప్పడానికి స్క్రూలతో బిగించింది కాదు. కొయ్యాలి. రేపు వాళ్ళు రమ్మన్నదే ఆ మంచం చూడ్డానికి. మంచం కోసేసి ఖాళీ బండి ఊరేగించడం దేనికి?"

"కొయ్యకపోతే బండే గేటు దాటదు కదండీ."

"అంటే, తప్పు నా మంచానిదంటావ్?"

చెల్లెలు చప్పున గొట్టం చుట్టే పనిలో పడిపోయింది. భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి అతని పక్కన మెట్టు మీద కూర్చుంది. నుదుటి మీద నల్లటి నూనె మరక.

"మంచానిది తప్పని నేనలేదు. మంచం బాగుంది. బాగుంది కాబట్టే ఇన్నాళ్ళూ ఎవరికీ దాన్ని కదపాలనిపించలేదు. వచ్చినవాళ్ళంతా చెయ్యి అందిన చోటే వెతికి, అక్కడే జబ్బుందని చెప్పి పోయారు. కొయ్యమని నేను చెప్పను. మీది. మీరు వద్దంటే గొట్టం చుట్టేసి లోపలికి వెళ్ళిపోతాం."

వడ్రంగి వ్యాను వైపు చూశాడు. ఎవరింట్లో వంటగది కట్టినా, తొట్టి కింద నీళ్ళ గొట్టాల దగ్గర చెయ్యి పట్టేంత తలుపు వదలాల్సిందేనని యజమానులతో పోట్లాడే మనిషి తను. అందం పాడవుతుందండీ అని వాళ్ళంటే, గొట్టం పగిలిన రోజున మీ అందం నీళ్ళలో తేలుతుంది అని కసిరేవాడు. సొంత బండికొచ్చేసరికి ఆ బుద్ధి ఏమైపోయింది? ఇంజను పైన మూత ఉందని తెలుసు. మంచం మధ్యలో గీత పడటం ఇష్టం లేకపోయింది, అంతే.

"రంపం తీసుకురా," అన్నాడు చివరికి. "సన్నపళ్ళది. స్కేలు, పెన్సిలు కూడా. ఇంకెవరూ దాని మీద చెయ్యి వెయ్యకండి. నేనే కోస్తాను."

"కట్టుతోనా?"

"కట్టు కాలికి. చేతులకు కాదు."

ఇద్దరూ చెరో పక్కా పట్టుకుని అతన్ని వ్యాను ఎక్కించారు. కాలు చాపుకుని నేల మీద కూర్చుని, మూత కింద ఎంత దూరంలో ఉందో కొలిచి, తను ఎన్నో రోజులు నున్న చేసిన చెక్క మీద గీత గీశాడు. రంపం మొదటి లాగుకు చెల్లెలు మొహం తిప్పేసుకుంది. అతను మాత్రం ఆగలేదు. వంకర లేకుండా, పెచ్చు లేవకుండా, కొత్త పని చేస్తున్నంత శ్రద్ధగా కోశాడు. కోసిన పలక ఎత్తి తీస్తే కింద దుమ్ము పట్టిన రేకు మూత కనిపించింది. దాన్నీ తీశారు.

వదిన టార్చిలైటుతో తొంగి చూసింది. మొక్కలకు నీళ్ళు చిమ్మే సీసా ఒకటి చేతిలో ఉంది. గాలి దూరే సందు మీద నీళ్ళు పడితే అది ఓ క్షణం మూసుకోవాలి. ఇంజను స్టార్ట్ చేయించి, ఇనప గొట్టానికీ కార్బురేటర్ వైపు ముక్కకూ మధ్యనున్న రబ్బరు జాయింటు మీద సన్నగా నీళ్ళు చిమ్మింది. ఏమీ కాలేదు. సీసా వంచి, జాయింటు అడుగున చిమ్మింది.

ఇంజను ఒక గుటక వేసింది. ఒక్క క్షణం కుదుపు ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది. ఇంకోసారి చిమ్మింది. మళ్ళీ అదే గుటక.

"దొరికిందండీ," అంది ఆవిడ నెమ్మదిగా, పసిపిల్ల నిద్ర లేస్తుందేమో అన్నట్టు.

ఇంజను ఆపి, చల్లారనిచ్చి, జాయింటు విప్పి బయటికి తీశారు. పైన చూస్తే కొత్తదానిలాగే ఉంది. అడుగున మాత్రం బెత్తెడు పొడుగు పగులు. వేలితో వంచితే పెదాల్లా విచ్చుకుంది. పెట్రోలుతో కలవకుండానే గాలి అందులోంచి దూరి, ఎడమ పక్క సిలిండర్లను పస్తులు పెడుతోంది. పరుగెత్తేటప్పుడు ఆ కాస్త గాలి లెక్కలోకి రాదు. నిలబడినప్పుడే ప్రాణం తీస్తుంది.

చెల్లెలు ఆ ముక్కను రుమాల్లో చుట్టుకుని స్కూటర్ మీద పాత సామాన్ల కొట్టుకు పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి చేతిలో కొత్తవి రెండున్నాయి.

"కుడిదీ మార్చేద్దాం వదినా. రెండూ ఒకే ఈడువి. ఇవాళ ఇది, రేపు అది."

"లెక్కలొచ్చినవాళ్ళు ఇంట్లో ఉంటే ఎంత సుఖం!" అంది వదిన. "ఇంక పెళ్ళివారికి నిన్ను మెకానిక్కనే చెబుతాను."

"నా పెళ్ళయి పదేళ్ళయింది వదినా."

"అయితే మీ ఆయనకే చెబుతాను. కాస్త భయభక్తులతో ఉంటాడు."

రెండు జాయింట్లూ ఎక్కించి, క్లిప్పులు బిగించి, స్టార్ట్ చేశారు. ఇంజను ఒక్కసారిగా గావుకేక పెట్టింది. చెల్లెలు హడలిపోయి తాళం తిప్పేసింది. వదిన నవ్వింది.

"కంగారు పడకు. కుంటుతోందని మెకానిక్ వచ్చినప్పుడల్లా ఆ స్క్రూ బిగించి వేగం పెంచి పోయాడు. ఇప్పుడు కుంటు తగ్గింది. పెంచింది దించాలి. ఏవండీ, చెవులు మీవి, చెయ్యి నాది. చెప్పండి."

ఇంజను మళ్ళీ మొదలైంది. వడ్రంగి వ్యాను గోడకు వీపు ఆనించి కళ్ళు మూసుకున్నాడు. "తగ్గించు. ఇంకా. ఇంకొంచెం. మరీ అంత వద్దు, వెనక్కి రా. ఆఁ... అక్కడే."

అతని వీపుకు ఆనిన గోడలో వణుకు లేదు. అరల్లో కప్పులు కిక్కురుమనడం లేదు. ఇంజను కడుపు నిండిన పిల్లలా తన లోకంలో తను మెల్లగా గుర్రుమంటోంది. కళ్ళు తెరిచి చూస్తే, కోసిన మంచం అవతల భార్య మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మోచేతి మీద గీతలు, జుట్టులో రంపపు పొట్టు, మొహమంతా మసి. పెళ్ళినాడు కూడా ఆవిడను అతను అంతసేపు కళ్ళార్పకుండా చూడలేదు.

"ఏంటలా చూస్తారు? ఇంకా ఏమన్నా చప్పుడుందా?"

"లేదు," అన్నాడు. "ఏమీ లేదు. ఆపకు, కాసేపు అలా ఉండనీ."

ఆ సాయంత్రం అతని నోరు ఆగితే ఒట్టు. షెడ్డు మెకానిక్‌కు ఫోను చేసి పిలిపించాడు. మెకానిక్ వచ్చి చెవి పెట్టి విని, పగిలిన జాయింటు చూసి, "అమ్మా, ఇది నా కంట పడలేదు. ఇంకోసారి ఎవరి బండికైనా ఇంజను దించమనే ముందు మిమ్మల్ని అడుగుతాను," అన్నాడు మనస్ఫూర్తిగా. గేటు ముందు నుంచి పోయే ప్రతివాళ్ళనూ వడ్రంగి పేరు పెట్టి పిలిచాడు. పేరు తెలియనివాళ్ళను "ఇదిగో మాస్టారూ" అని పిలిచాడు. మధ్యలో, కోసిన పలకకు నాలుగు పక్కలా సన్నని పట్టీ వేసి, రెండు ఇత్తడి మడతబందులు బిగించి, పైకెత్తే తలుపుగా మార్చాడు. మంచం నడుమ ఇప్పుడు గీత స్పష్టంగా కనిపిస్తోంది. దాన్ని దాచే ప్రయత్నం చెయ్యలేదు.

ఆదివారం ఆడపడుచును పక్కన కూర్చోబెట్టుకుని భార్య తోలింది. ఊరు దాటే వంతెన మీద బండ్లన్నీ బారులు తీరి ఆగిపోయాయి. ఆవిడ బ్రేకు మీద కాలు పెట్టి, చేతులు స్టీరింగు మీద వదులుగా ఉంచి కూర్చుంది. గూడుబండి కుదురుగా నిలబడింది. వెనక మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న వడ్రంగి, ఆ వంతెన మీద ఇంకాసేపు ఆగినా బాగుండుననుకున్నాడు.

మైదానంలో జనం బాగానే వచ్చారు. మంచం చూడ్డానికి వరసకట్టారు. బండ్లు కట్టడంలో తలపండిన ఒకాయన మంచమంతా తడిమి, మధ్యలో గీత దగ్గర వేలు ఆపి, "ఇంత బాగా చేసి, ఇక్కడ కోశారేమిటండీ?" అని అడిగాడు.

ఇదే మాట రెండు రోజుల క్రితం అడిగి ఉంటే వడ్రంగి సిగ్గుతో చచ్చిపోయేవాడు. ఇప్పుడు ఆ తలుపు ఎత్తి, కింద మెరుస్తున్న కొత్త జాయింట్లు చూపించి, చోక్ దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాడు. మధ్యాహ్నానికి ఆ కథ చెప్పడం బాగా అలవాటైపోయింది. చెప్పిన కొద్దీ పగులు కాస్త కాస్త పొడుగవుతూ వచ్చింది. చెల్లెలు పక్కనుంచి "అన్నయ్యా, బెత్తెడు, బెత్తెడు," అని గొణుగుతూనే ఉంది.

అంతలో అవతల వరసలోంచి ఓ పెద్దావిడ మొహమాటపడుతూ వచ్చింది. మా బండి కూడా నిలబెడితే వణుకుతోందమ్మా, కాస్త చూస్తారా అని అడిగింది. వడ్రంగి భార్య తినబోతున్న రొట్టె చెల్లెలి చేతిలో పెట్టి, ఆవిడ వెంట వెళ్ళింది. కాసేపటికి ఆ బండి చుట్టూ గుంపు చేరింది. గుంపు మధ్యలోంచి ఆవిడ గొంతు స్పష్టంగా వినిపిస్తోంది. "ఎప్పుడు వణుకుతుంది? వేడెక్కాకా, ముందేనా? చోక్ లాగితే ఏమంటుంది?"

వడ్రంగి గూడుబండి నీడలో కుర్చీ వేసుకుని అటే చూస్తున్నాడు. ఆలస్యంగా వచ్చిన ఓ పెద్దమనిషి వ్యానులోకి తొంగి చూసి, మంచం చూసి ముచ్చటపడి, ఇతని దగ్గరికొచ్చాడు.

"ఈ బండి తాలూకు వడ్రంగి మీరేనటగా?"

"వడ్రంగినే అనుకోండి," అన్నాడు అతను. గుంపు వైపు చెయ్యి చూపించి, వెన్ను నిటారు చేసుకుని కూర్చున్నాడు. "అదిగో, అక్కడ ఇంజను చూస్తోందే, ఆవిడ భర్తని."

అని పక్కనున్న కుర్చీ లాగి ఆయన్ని కూర్చోమన్నాడు. చెప్పాల్సింది చాలా ఉంది మరి.